తెరకెక్కని సీన్లలో లొరైన్ హాన్స్‌బెర్రీ

షికాగో సౌత్‌సైడ్‌లో ఉండే ఒక పెద్దావిడ సూపర్‌మార్కెట్‌కి వెళ్తుంది. ఆపిల్ పళ్ళు ఒక్కొక్కటే తీసి చూస్తే అన్నీ వాడిపోయినవే. మోషే సముద్రం దాటిన నాటినుంచీ ఇక్కడే పడున్నట్టున్నాయి అని విసుక్కుంటుంది. కొట్టు కుర్రాడు ఆవిడ వయసు కూడా చూడకుండా పెడసరంగా జవాబు చెప్తాడు. ఆవిడ సంచి పుచ్చుకుని ఊరికి ఆ చివర ఉన్న సంతకి పోతుంది. అక్కడ పళ్ళు నిగనిగలాడుతుంటాయి. ఒకే ఊళ్ళో నల్లవాళ్ళుండే వైపు ఒక రకం పళ్ళు, ఇంకో వైపు ఇంకో రకం.

ఈ సీను 1961లో వచ్చిన 'ఎ రెయిజిన్ ఇన్ ది సన్' సినిమాలో లేదు. ఆ నాటకం, దాని స్క్రీన్‌ప్లే రెండూ రాసిన లొరైన్ హాన్స్‌బెర్రీ దీన్ని సినిమా కోసమే కొత్తగా రాసింది. ఆమె కొత్తగా రాసినవాటిలో చాలా భాగం ఇలాగే కత్తెరకి పోయింది.

హాన్స్‌బెర్రీ పేరు చెప్పగానే అందరూ ఎత్తుకునే కథ ఒకటుంది. 28 ఏళ్ళకే న్యూయార్క్‌లో పెద్ద నాటకశాలలుండే బ్రాడ్‌వే మీద నాటకం ఆడించిన తొలి నల్లజాతి రచయిత్రి, పెద్ద అవార్డు, 34 ఏళ్ళకే చావు. అందులో అబద్ధం ఏమీ లేదు. కానీ ఆ కథ ఆమెని స్టేజీ దగ్గరే ఆపేస్తుంది. సినిమాకి, టీవీకి ఆమె రాసిన స్క్రిప్టులు ముందుపెట్టుకుని చూస్తే కనిపించే మనిషి వేరు. అప్పటి అమెరికా ఆమెని పిలిచి రాయమంది. రాసిచ్చాక అందులో ఏది ఉంచారు, ఏది తీసేశారు అన్నది చూస్తే, ఆమె అసలు ఏం చెప్పదలచుకుందో తేటగా తెలుస్తుంది.

లొరైన్ 1930 మే 19న షికాగోలో పుట్టింది. నలుగురు పిల్లల్లో ఆఖరిది. తండ్రి కార్ల్ హాన్స్‌బెర్రీ ఇళ్ళ వ్యాపారి. ఆ రోజుల్లో దక్షిణాది రాష్ట్రాల నుంచి వేలకొద్దీ నల్ల కుటుంబాలు షికాగోకి వలస వస్తున్నాయి. వాళ్ళకి ఇళ్ళు ఇచ్చే పేటలు మాత్రం కొన్నే. ఉన్న ఫ్లాట్లనే ముక్కలు చేసి, ఒక్కో ముక్కలో ఒక చిన్న వంటమూల పెట్టి, బాత్‌రూమ్ ఉమ్మడిగా ఉంచి అద్దెకి ఇవ్వడం అప్పుడు బాగా నడిచిన వ్యాపారం. వీటిని 'కిచెనెట్లు' అనేవాళ్ళు. కార్ల్ హాన్స్‌బెర్రీ సంపాదించింది ఇందులోనే. 'కిచెనెట్ కింగ్' అని ఆయనకి పేరు కూడా వచ్చింది.

ఆమె రాసిన నాటకంలో యంగర్ కుటుంబం ఉండేది అలాంటి ఇంట్లోనే. బాత్‌రూమ్ కోసం వరండా దాటి వెళ్ళి, పక్కవాళ్ళు లోపలున్నారేమో చూసుకుని, వంతు కోసం కాచుకోవాలి. వంటింటికి ఉన్న ఒక్క చిన్న కిటికీ నుంచి వచ్చే వెలుతురే ఇంటికంతటికీ దిక్కు. చాలామంది ఇది రచయిత్రి సొంత కథ అనుకుంటారు. కాదు. ఇది ఆమె తండ్రిలాంటి వాళ్ళకి అద్దె కట్టే మనుషుల కథ. ఈ తేడా తెలిస్తే నాటకంలో జాలి ఎందుకు అంత తక్కువగా ఉంటుందో అర్థమవుతుంది. ఆమె వాళ్ళని చూసి జాలిపడలేదు, వాళ్ళంటే ఆమెకి గౌరవం.

ఆ గౌరవం ఎక్కడ మొదలైందో ఆమే రాసుకుంది. దేశమంతా మాంద్యంలో అల్లాడుతున్న రోజుల్లో, ఆమెకి అయిదేళ్ళప్పుడు, క్రిస్మస్‌కి ఇంట్లోవాళ్ళు తెల్లటి బొచ్చు కోటు కొనిపెట్టారు. అది వేసుకుని బడికి పోతే తోటి పిల్లలు కొట్టారు. ఆమెకి వాళ్ళమీద కోపం రాలేదు, కోటు మీద వచ్చింది. అమ్మానాన్న పనికి పోతే ఇంటి తాళంచెవి మెడలో తాడుకి కట్టుకుని తిరిగే పిల్లలుండేవాళ్ళు. వాళ్ళని చూసి తనకీ అలాంటి తాళంచెవి ఒకటి ఉంటే బాగుండునని ఆశపడిందట.

ఇల్లు అనే మాటకి ఆమె జీవితంలో ఇంకో అర్థం 1937లో వచ్చి పడింది. తండ్రి ఆ ఏడాది వాషింగ్టన్ పార్క్ పక్కన, రోడ్స్ అవెన్యూలో ఇల్లు కొన్నాడు. ఆ వీధిలో నల్లవాళ్ళకి ఇల్లు అమ్మకూడదు, అద్దెకీ ఇవ్వకూడదు అని తెల్ల ఇంటి యజమానులు ముందే సంతకాలు పెట్టుకున్న ఒడంబడిక ఉంది. అల్లరిమూక ఇంటి ముందు చేరింది. కిటికీలోంచి విసిరిన వస్తువు ఏడేళ్ళ పిల్ల తలకి తగలబోయి తప్పింది. తండ్రి కోర్టు కేసు పనిమీద వేరే ఊళ్ళో ఉంటే, తల్లి నానీ చేతిలో గుండ్లు నింపిన జర్మన్ పిస్తోలు పట్టుకుని రాత్రంతా ఇంట్లో కాపలా తిరిగిన సంగతి లొరైన్ పెద్దయ్యాక ఒక ఉత్తరంలో రాసింది. తండ్రి కోర్టులో చేసిన పోరాటం అందరికీ తెలుసు, తల్లి ఇంట్లో చేసిన పోరాటం ఎవరూ చెప్పరు అన్నట్టుగా ఉంటుంది ఆ ఉత్తరం.

కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. 1940 నవంబర్‌లో హాన్స్‌బెర్రీ వైపే తీర్పు వచ్చింది. ఇక్కడ ఒక మాట సరిచేసుకోవాలి. ఆ తీర్పుతో ఇలాంటి ఒడంబడికలు రద్దయ్యాయని తరచూ రాస్తుంటారు. అవి రద్దు కాలేదు. అంతకుముందు ఇంకెవరి మధ్యనో నడిచిన కేసులో వచ్చిన తీర్పు హాన్స్‌బెర్రీకి వర్తించదని మాత్రమే కోర్టు చెప్పింది. అంటే గెలిచింది కేసు నడిచిన విధానం మీద. ఒడంబడికలని కోర్టులు అమలు చేయకూడదన్న తీర్పు రావడానికి ఇంకో ఎనిమిదేళ్ళు పట్టింది. ఆ 1948 తీర్పు చూడకుండానే కార్ల్ హాన్స్‌బెర్రీ 1946లో మెక్సికోలో చనిపోయాడు. అమెరికా మీద ఆశ వదులుకుని కుటుంబాన్ని అక్కడికి మార్చేద్దామని వెళ్ళిన మనిషి ఆయన. చట్టాన్ని నమ్ముకుని, డబ్బు ఖర్చుపెట్టి, కేసు గెలిచి కూడా ఓడిపోయిన తండ్రిని కూతురు దగ్గరనుంచి చూసింది. ఆ తర్వాత ఆమె రాసిన దేంట్లోనూ గెలుపు పూర్తి గెలుపుగా కనిపించదు.

విస్కాన్సిన్ యూనివర్సిటీలో రెండేళ్ళు చదివింది. అక్కడ ఒక సాయంత్రం షాన్ ఓకేసీ రాసిన ఐరిష్ నాటకం చూసింది. డబ్లిన్ ఇరుకు ఇంట్లో కొడుకుని పోగొట్టుకున్న తల్లి ఏడుపు ఆమెని వదల్లేదు. ఐరిష్ పేదల ఏడుపు తన పేట ఏడుపులాగే వినిపించింది. తన వాళ్ళని ఉన్నదున్నట్టు, వాళ్ళ యాసతో, వాళ్ళ గొప్పతనాలూ తప్పులూ కలిపి స్టేజీ మీద పెట్టొచ్చన్న ధైర్యం అక్కడే వచ్చింది.

1950లో చదువు మానేసి న్యూయార్క్ వచ్చి, నల్లజాతి గాయకుడు, నటుడు పాల్ రోబ్సన్ నడిపే 'ఫ్రీడమ్' పత్రికలో చేరింది. ఆఫీసులో టైపింగు నుంచి వార్తలు రాయడం దాకా అన్నీ చేసింది. అక్కడి రాత ఆమెకి లెక్క నేర్పింది. ఎవరికి ఎంత జీతం, ఇంటి అద్దె ఎంత, ఏ ఊళ్ళో ఎవరిని తరిమేశారు లాంటి వివరాలతో రాసే అలవాటు ఆ పత్రికది. రోబ్సన్ పాస్‌పోర్టుని ప్రభుత్వం లాగేసుకుంటే, 1952లో ఉరుగ్వేలో జరిగిన శాంతి సభకి ఆయన బదులు ఆమే వెళ్ళింది. 1953లో రాబర్ట్ నెమిరాఫ్‌ని పెళ్ళి చేసుకుంది. పెళ్ళికి ముందురోజు ఇద్దరూ, సోవియట్ గూఢచారులన్న నేరం మోపబడిన రోజెన్‌బర్గ్ దంపతుల మరణశిక్షకి వ్యతిరేకంగా నిరసనలో నిలబడ్డారు. నెమిరాఫ్ స్నేహితుడితో కలిసి రాసిన ఒక పాట 1956లో పెద్ద హిట్టవడంతో చేతిలో నాలుగు డబ్బులు ఆడాయి. హాన్స్‌బెర్రీ చిల్లర ఉద్యోగాలు మానేసి నాటకం మీద కూర్చుంది.

ఆ నాటకం పేరు లాంగ్‌స్టన్ హ్యూస్ కవితలోది. వాయిదాపడ్డ కల ఎండలో పెట్టిన ద్రాక్షలా ఎండిపోతుందా అని ఆ కవిత అడుగుతుంది. అయితే నాటకాన్ని నడిపేది కల కాదు, చెక్కు. చనిపోయిన తండ్రి ఇన్సూరెన్స్ డబ్బు, 10,000 డాలర్లు. తల్లి లీనా అందులో 3,500 ఇంటికి అడ్వాన్సు కట్టేస్తుంది. మిగతా 6,500 కొడుకు వాల్టర్ చేతిలో పెట్టి, 3,000 చెల్లెలి డాక్టరు చదువుకి బ్యాంకులో వెయ్యమంటుంది. డ్రైవర్ ఉద్యోగంతో విసిగిపోయిన వాల్టర్ మద్యం షాపు పెట్టాలన్న ఆశతో మొత్తం ఒక స్నేహితుడికి ఇచ్చేస్తాడు. వాడు పారిపోతాడు. సగటు ప్రేక్షకుడు ఇంటికెళ్ళాక కూడా ఈ లెక్క చెప్పగలడు. హాన్స్‌బెర్రీ పనితనం అక్కడుంది. జాత్యహంకారం అనే పెద్ద మాటని ఆమె రూపాయి పైసల్లోకి దింపింది.

మొదటి సీనునే దగ్గరగా చూద్దాం. పొద్దున్నే అలారం మోగుతుంది. సోఫా మీద పడుకున్న పిల్లాడు ట్రావిస్‌ని తల్లి రూత్ లేపుతుంది. బడికి 50 సెంట్లు కావాలి అంటాడు వాడు. లేవు అంటుంది ఆమె. తండ్రి వాల్టర్ వింటాడు. భార్య వంక చూస్తూనే జేబులోంచి 50 సెంట్లు తీసి పిల్లాడి చేతిలో పెడతాడు. ఆగకుండా ఇంకో 50 ఇచ్చి, పళ్ళు కొనుక్కో, కావాలంటే టాక్సీలో పో అంటాడు. పిల్లాడు సంబరంగా వెళ్ళిపోతాడు. కాసేపటికి పనికి బయల్దేరిన వాల్టర్ మళ్ళీ వెనక్కొచ్చి, బస్సుకి డబ్బుల్లేవు అని అదే భార్యని అడుగుతాడు. ఒక మగాడి పరువు, ఆ ఇంటి పరిస్థితి, మొగుడూపెళ్ళాల మధ్య పేరుకున్న విసుగు అన్నీ ఒక్క డాలరులో ఇమిడిపోయాయి. తర్వాత అతను 6,500 ఎందుకు పోగొట్టుకుంటాడో ఈ ఒక్క డాలరు ముందే చెప్పేసింది.

నాటకం 1959 మార్చి 11న ఎథెల్ బ్యారీమోర్ థియేటర్‌లో మొదలైంది. పాటల ప్రచురణకర్త ఫిలిప్ రోజ్ నిర్మాత. దర్శకుడు లాయిడ్ రిచర్డ్స్, బ్రాడ్‌వే నాటకానికి దర్శకత్వం వహించిన నల్లజాతి మనిషి. సిడ్నీ పోయిటియర్ వాల్టర్, క్లాడియా మెక్‌నీల్ తల్లి, రూబీ డీ భార్య, డయానా సాండ్స్ చెల్లెలు. మొత్తం 530 ప్రదర్శనలు. టెనెస్సీ విలియమ్స్, యూజీన్ ఓనీల్ నాటకాలున్న ఏడాదిలో న్యూయార్క్ విమర్శకుల అవార్డు ఈమెకి వచ్చింది. ఒక థియేటర్లో ఇంతమంది నల్లవాళ్ళని తానెప్పుడూ చూడలేదని నల్లజాతి రచయిత జేమ్స్ బాల్డ్విన్ రాశాడు. తమ బతుకు అక్కడ కనిపిస్తోందని తెలిసి వాళ్ళు వచ్చారు. బ్రాడ్‌వేకి రాకముందే ఎఫ్‌బీఐ మనిషి ఒకడు ఫిలడెల్ఫియాలో టికెట్ కొనుక్కుని నాటకం చూసి, ఇందులో కమ్యూనిజం ప్రస్తావన ఏమీ లేదని రిపోర్టు రాసి పంపాడు.

కత్తిరింపులు అప్పుడే మొదలయ్యాయి. నిడివి ఎక్కువైందని కొన్ని సీన్లు తీసేశారు. పొరుగింటి మిసెస్ జాన్సన్ ఒక పేపరు పట్టుకొచ్చి, తెల్లవాళ్ళ పేటలో ఇల్లు కొన్న నల్ల కుటుంబం మీద బాంబు వేశారన్న వార్త చూపించే సీను పోయింది. పిల్లలు వీధిలో ఎలకని తరిమి చంపిన సంగతి ట్రావిస్ చెప్పే ముక్క పోయింది. చెల్లెలు బెనీథా జుట్టు సాగదీయించుకోవడం మానేసి, తన ఉంగరాల జుట్టుతోనే కనిపించే ఘట్టం కూడా. ఈ మూడూ చాలా ఏళ్ళ తర్వాతే నాటకంలోకి తిరిగొచ్చాయి.

నాకైతే వీటన్నిట్లో మిసెస్ జాన్సన్ సీను పోవడమే పెద్ద నష్టం అనిపిస్తుంది. అది లేకపోతే చివరి సీను అర్థమే మారిపోతుంది. మా పేటకి రావద్దు, మీరు కట్టిన దానికంటే ఎక్కువ ఇస్తాం అని వచ్చిన తెల్లవాడు లిండ్నర్‌కి వాల్టర్ తలెత్తుకుని జవాబు చెప్తాడు, కుటుంబం సామాను కట్టుకుని బయల్దేరుతుంది. బాంబు వార్త వినని ప్రేక్షకుడికి అది సుఖాంతం. విన్నవాడికి గుండెలో టెన్షన్ మొదలయ్యేది అక్కడే. ఇది సుఖాంతం కదా అన్నవాళ్ళకి, వీళ్ళు వెళ్తున్న పేటకి వెళ్ళి కాపురముండి చూడమని ఆమె చెప్పింది. 1937లో ఆ ఇంట్లో కిటికీ దగ్గర నిలబడ్డ పిల్ల అంతకంటే ఏం చెప్తుంది?

కొలంబియా పిక్చర్స్ హక్కులు కొని స్క్రీన్‌ప్లే ఆమెనే రాయమంది. చాలామంది నాటక రచయితలు ఈ దశలో నాటకాన్నే కాస్త చిన్నది చేసి ఇచ్చేస్తారు. హాన్స్‌బెర్రీ సినిమాకి ఉన్న బలం ఏమిటో ఆలోచించింది. స్టేజీ మీద ఇల్లు మాత్రమే కనిపిస్తుంది, కెమెరా వీధిలోకి వెళ్ళగలదు. అందుకే ఆమె కెమెరాని షికాగో అంతా తిప్పింది. మొదట్లో చెప్పిన ఆపిల్ పళ్ళ సీను అలా పుట్టిందే, అందులో పెద్దావిడ లీనాయే. లీనా తన యజమానురాలి ఇంట్లో పనిచేసే ఆఖరి రోజు ఉంటుంది. వాల్టర్ ఒక తెల్ల మద్యం షాపు యజమాని దగ్గరికి వెళ్ళి వ్యాపారం సంగతి అడిగితే, ఆ మనిషి నీకెందుకీ తలనొప్పి అన్నట్టు మాట్లాడే సీను ఉంటుంది. వీధి మొగలో నిచ్చెనెక్కి నల్లవాళ్ళ హక్కుల గురించి ఉపన్యసించే వక్త మాటలు వాల్టర్ గుంపులో నిలబడి వింటాడు.

ఇవేవీ సినిమాలో లేవు. జాతి సమస్య మోతాదు ఎక్కువైపోతోందన్నది స్టూడియో పెద్దల బాధ. దర్శకుడు డేనియల్ పెట్రీ చేతిలో సినిమా చాలావరకు ఆ ఇరుకు ఫ్లాట్‌లోనే నడుస్తుంది. నటులు గొప్పగా చేశారు, కాన్ ఉత్సవంలో ప్రత్యేక బహుమతీ వచ్చింది. కానీ నష్టం ఎక్కడ జరిగిందో చూడాలి. మద్యం షాపు సీను తీసేస్తే వాల్టర్ తొందరపాటు మనిషిగా మిగులుతాడు. అదుంటే, తెల్లవాడికి మామూలు వ్యాపారమైనది తనకి ఎందుకు అందదని మండిపోతున్న మనిషి కనిపిస్తాడు. పళ్ళ సంత తీసేస్తే లీనా ఇల్లు కొనడం తల్లి ప్రేమ. అదుంటే, ఊరి లెక్కలు తెలుసుకున్న ఆడమనిషి నిర్ణయం. ఇంటి బయట ఉన్న కారణాలన్నీ కోసేసి, గొడవని ఇంట్లోవాళ్ళ మధ్యకి తోసేశారు.

టీవీ అనుభవం ఇంకా చేదు. అంతర్యుద్ధానికి నూరేళ్ళు నిండుతున్న సందర్భంగా ఎన్‌బీసీ చానల్ కోసం నిర్మాత డోర్ షేరీ వరస నాటకాలు తలపెట్టి, బానిసత్వం మీద మొదటిది హాన్స్‌బెర్రీని రాయమన్నాడు. అప్పటికే చానల్ వాళ్ళు, బానిసత్వం గురించి ఆవిడ అభిప్రాయం ఏమిటి అని ఆయన్ని అడిగారట. వేళాకోళం అనుకుని, ఆవిడ దానికి వ్యతిరేకి అని చెప్పాడు. గదిలో ఎవరూ నవ్వలేదు. ఇక ఆ పని సాగదని అప్పుడే అర్థమైందని ఆయన తర్వాత చెప్పాడు.

1960లో ఆమె రాసిచ్చిన 'ది డ్రింకింగ్ గోర్డ్'లో హానిబల్ అనే బానిస కుర్రాడు దొంగచాటుగా చదువు నేర్చుకుంటాడు. అది తెలిసి యజమాని కొడుకు వాడి కళ్ళు పొడిపిస్తాడు. పొడిచేది జెబ్ డడ్లీ అనే పేద తెల్ల రైతు. సొంత పొలంతో బతకలేక కాపలాదారు పనికి కుదిరినవాడు. అతని చేతులు వణుకుతాయి, పని మాత్రం చేస్తాడు. ఇక్కడ దుర్మార్గుడు ఒక్కడని చూపించి చేతులు దులుపుకునే వీలు ఆమె ఎవరికీ ఇవ్వలేదు. పత్తి ధర, భూమి, అప్పు, పేద తెల్లవాడి ఆకలి అన్నీ కలిసి ఆ కళ్ళు పొడిచాయి. మంచి యజమాని అనిపించుకున్న ముసలాయన గుండెనొప్పితో పడిపోయి పిలుస్తుంటే, హానిబల్ తల్లి రిసా తన గుడిసెలోనుంచి కదలదు. అప్పటివరకూ తెరమీద బానిస తల్లులు యజమాని బిడ్డల్ని లాలించడమే ప్రేక్షకులకి అలవాటు. స్క్రిప్టు చాలా బాగుందని మెచ్చుకుని ఎన్‌బీసీ సొరుగులో పెట్టేసింది. ఆమె పోయాక 1972లో పుస్తకంగా వచ్చింది.

ఈ రెండు దెబ్బల తర్వాత ఆమె మాట మెత్తబడలేదు. 1963 మే 24న బాల్డ్విన్ పిలుపు మీద కొందరు కళాకారులు అటార్నీ జనరల్ రాబర్ట్ కెనడీని న్యూయార్క్‌లో కలిశారు. దక్షిణాదిలో హక్కుల పోరాటంలో దెబ్బలు తిన్న జెరోమ్ స్మిత్ అనే కుర్రాడు ఆవేశంగా మాట్లాడుతుంటే కెనడీ మొహం తిప్పుకున్నాడు. ఈ గదిలో మీరు వినాల్సిన మనిషి అతనొక్కడే అని హాన్స్‌బెర్రీ చెప్పింది. అలబామా రాష్ట్రంలోని బర్మింగ్‌హామ్‌లో నేలమీద పడేసిన నల్ల స్త్రీ మెడమీద పోలీసు కాలు పెట్టిన ఫొటో గుర్తుచేసి, అలా చేసే నాగరికత ఏమవుతుందో అన్నదే తన దిగులని చెప్పి లేచి వెళ్ళిపోయింది. మిగతావాళ్ళు ఆమె వెనకే నడిచారు.

ఆమె జీవితంలో బయటికి చెప్పుకోలేని భాగమూ ఉంది. 1957లో 'ది ల్యాడర్' అనే లెస్బియన్ పత్రికకి పేరు బదులు పొడి అక్షరాలతో ఉత్తరాలు రాసింది. ఆడవాళ్ళ అణచివేత, స్వలింగ ప్రేమ మీద ద్వేషం రెండూ ఒకే వేరు నుంచి వచ్చాయన్న ఆలోచన అందులో ఉంది. ఆ కాలానికి అది ఎంత ముందుచూపో చెప్పనక్కర్లేదు. నెమిరాఫ్‌తో కాపురం ముగిసి 1964లో విడాకులైనా, రాతపనిలో ఇద్దరూ ఆఖరిదాకా కలిసే ఉన్నారు.

రెండో బ్రాడ్‌వే నాటకం 'ది సైన్ ఇన్ సిడ్నీ బ్రుస్టీన్స్ విండో' 1964 అక్టోబర్‌లో వచ్చింది. న్యూయార్క్‌లో గ్రీనిచ్ విలేజ్ అనే పేటలోని ఒక యూదు మేధావి, అతని స్నేహితుల కథ. నల్ల కుటుంబం కథే మళ్ళీ రాస్తుందని ఎదురుచూసినవాళ్ళకి ఇది మింగుడుపడలేదు. అప్పటికి ఆమెకి క్లోమ క్యాన్సర్. నాటకం ఆగిపోకుండా నటులు, రచయితలు చందాలు పోగుచేసి, పేపర్లలో ప్రకటనలు వేయించి నడిపించారు. 101 ప్రదర్శనలయ్యాయి. 1965 జనవరి 12న ఆమె చనిపోయింది. న్యూయార్క్‌లో నల్లవాళ్ళ పేట హార్లెమ్‌లో అంత్యక్రియల రోజు మంచు తుఫాను. పాల్ రోబ్సన్ వచ్చి మాట్లాడాడు.

మిగిలిన కాగితాలన్నీ నెమిరాఫ్ పోగుచేశాడు. ఉత్తరాలు, డైరీలు, సగం రాసిన సీన్లు కూర్చి ఒక నాటకం చేశాడు. ఆఫ్రికా వలసపాలన మీద ఆమె రాస్తూ వదిలేసిన 'లే బ్లాంక్స్'ని పూర్తిచేసి 1970లో బ్రాడ్‌వేకి తెచ్చాడు. 1964లో నల్లజాతి విద్యార్థుల రచనల పోటీ విజేతలతో మాట్లాడుతూ ఆమె వాడిన 'యంగ్, గిఫ్టెడ్ అండ్ బ్లాక్' అన్న మాటని ఆమె స్నేహితురాలు, గాయని నీనా సిమోన్ పాటగా కట్టింది. తొలినాళ్ళలో ఆమెది మధ్యతరగతి నాటకమని కొట్టిపారేసిన కవి అమిరి బరాకా 80ల్లో తను పొరబడ్డానని రాశాడు. ఇల్లు కావాలన్న కోరిక మధ్యతరగతి మోజు కాదు, వీధిలో ఉన్నవాళ్ళందరి కోరికేనని ఒప్పుకున్నాడు.

నెమిరాఫ్ 1991లో పోయాడు. స్టూడియో కోసేసిన సీన్లతో సహా ఆమె రాసిన అసలు స్క్రీన్‌ప్లే ఆ మరుసటి ఏడాది అచ్చయింది, సినిమా వచ్చిన 31 ఏళ్ళకి. వాడిపోయిన పళ్ళు చేతిలో పట్టుకుని లీనా సూపర్‌మార్కెట్‌లో నిలబడ్డ సీను చదవాలంటే ఆ పుస్తకంలోనే.